భాస్కరులెందరు? ఒకే పేరు - ఎన్నో శాస్త్రాలు

మన సంఘ సభ్యులు నలుగురు కూర్చున్న చోట "భాస్కరుడు రచించిన గ్రంథం ఒకటి చెప్పండి" అని అడిగి చూడండి. లెక్కల మాస్టారుగా పనిచేసిన వారు వెంటనే లీలావతి గణితం అంటారు. తెలుగు పండితులుగా రిటైరైన వారు భాస్కర రామాయణం అంటారు. ప్రతి శుక్రవారం లలితా సహస్రనామ పారాయణ చేసే సోదరీమణులు సౌభాగ్యభాస్కరం అంటారు. నమక చమకాలు అర్థసహితంగా చెప్పుకొన్న వారు భట్టభాస్కర భాష్యం అంటారు. వేదాంత గోష్ఠులకు వెళ్ళే వారు బ్రహ్మసూత్రాలకు కూడా ఒక భాస్కర భాష్యం ఉందని గుర్తు చేస్తారు. ఇక చిన్ననాడు వీధిబడిలో శతకాలు వల్లించిన మనలాంటి వాళ్ళకు ముందుగా భాస్కర శతకమే నోటికి వస్తుంది.

ఇన్ని జవాబులూ విన్న కుర్రవాడెవరైనా "ఈ భాస్కరుడెవరో గాని మహా గట్టివాడు. లెక్కలు, రామాయణం, వేదం, వేదాంతం, దేవీ ఉపాసన, నీతి పద్యాలు - అన్నీ ఒక్కడే రాశాడా!" అని ఆశ్చర్యపోవచ్చు. ఒక్కడు కాదు. పైన చెప్పిన ఆరు జవాబులూ ఒకే మనిషిని గురించినవి కావు. వారి మధ్య వందల ఏళ్ళ ఎడం ఉంది, వందల మైళ్ళ దూరం ఉంది. వారందరికీ ఉమ్మడిగా ఉన్నది సూర్యభగవానుని పేరు ఒక్కటే.

ఇది కేవలం కాలక్షేపానికి చెప్పుకొనే విషయం కాదు. పేరు ఒకటైనప్పుడు పెద్దవాడి నీడలో చిన్నవాడు కనబడకుండా పోతాడు. ఒకరి జీవితకాలపు కృషి మరొకరి ఖాతాలో జమ అవుతుంది. సర్వీసు రిజిస్టరులో ఒక పేరు తారుమారైతే ఎంత చిక్కో మనకు తెలియనిది కాదు. చరిత్రలో జరిగితే ఆ మనిషి వచ్చి అర్జీ పెట్టుకోలేడు. అతని తరఫున ఎవరో ఒకరు పాత కాగితాలు తిరగేయవలసిందే. అలా తిరగేసిన వారి వల్ల ఏమేమి బయటపడిందో ఈ వ్యాసంలో క్లుప్తంగా మనవి చేస్తాను.

పేర్లు ఎందుకు కలిశాయి?

మన దేశంలో తాత పేరు మనవడికి పెట్టడం ఆచారం. దేవుని పేరు పెట్టడం అంతకంటే పెద్ద ఆచారం. ఆ రెండూ కలిస్తే ఒకే వంశంలో ఒకే పేరు తరం మార్చి తరం వస్తూనే ఉంటుంది. పైగా పూర్వం గ్రంథకర్తలు తమ గురించి చెప్పుకోవడానికి సంకోచించేవారు. కొందరు తండ్రి పేరు, గోత్రం, ఊరు చెప్పారు. కొందరు గురువు పేరు మాత్రం చెప్పి ఊరుకున్నారు. ఇంకొందరు అదీ చెప్పలేదు. తాళపత్రం చిలవలు పట్టినా, చివరి ఆకు పోయినా ఉన్న కాస్త ఆధారమూ పోయేది. అప్పుడు మిగిలేది గ్రంథం పేరు, కర్త పేరు. ఆ పేరు ఎవరికి బాగా తెలిసిన వాడిదైతే వాడికే గ్రంథం చెందినట్లు లెక్క.

గణితంలో ఇద్దరు

మొదట గణిత శాస్త్రం సంగతి చూద్దాం. ఇందులోనే ఇద్దరు భాస్కరులున్నారు. ఇద్దరూ జ్యోతిర్గణితంలో ఉద్దండులే. అందువల్ల చిక్కు మరింత పెరిగింది.

మొదటివాడు క్రీ.శ. 7వ శతాబ్ది వాడు. ఇతని గ్రంథాలు మూడు - మహాభాస్కరీయం, లఘుభాస్కరీయం, ఆర్యభటీయానికి భాష్యం. ఆర్యభటుడు క్లుప్తంగా సూత్రప్రాయంగా చెప్పిన దానిని ఉదాహరణలతో విడమరచి చెప్పినవాడు ఇతడే. ఇతని కాలం మనకెలా తెలిసింది? భాష్యంలో ఒకచోట కల్పం మొదలైనప్పటి నుంచి తాను రాస్తున్న నాటికి 198 కోట్ల 61 లక్షల 23 వేల 730 సంవత్సరాలు గడిచాయని లెక్క కట్టి చూపాడు. ఇందులో చివరి 3730 కలియుగంలో గడిచిన సంవత్సరాలు. కలియుగ సంవత్సరం నుంచి 3101 తీసివేస్తే క్రీస్తు శకం వస్తుంది. అంటే క్రీ.శ. 629. లెక్క నేర్పడం కోసం ఇచ్చిన ఉదాహరణే ఆయన జనన ధృవీకరణ పత్రంలా ఉపయోగపడింది!

ఇతడు ఆర్యభటుని గ్రంథాన్ని 'ఆశ్మకీయం' అని కూడా పేర్కొన్నాడు. అశ్మకం పదహారు మహాజనపదాలలో ఒకటి, గోదావరీ తీరంలోనిది. దాని ముఖ్యపట్టణం నేటి నిజామాబాదు జిల్లాలోని బోధన్ అని చరిత్రకారులు చాలామంది భావిస్తారు. అందువల్ల ఈ శాస్త్ర పరంపరకు మన గోదావరి ఒడ్డుతో సంబంధం ఉందని ఊహించడానికి అవకాశం కలిగింది. కాగా భాష్యంలో వలభి, భరుకచ్ఛం వంటి పశ్చిమ తీర ప్రాంతాల ఊళ్ళు కూడా కనిపిస్తాయి.

ఇతని ప్రతిభకు ఒక్క మచ్చుతునక చూపుతాను. త్రికోణమితిలో 'సైన్' విలువ కావాలంటే పూర్వం పట్టిక చూడాలి. పట్టిక లేకుండా దాదాపు సరైన విలువ రాబట్టే పద్ధతి ఒకటి మహాభాస్కరీయంలో ఉంది. నేటి భాషలో చెప్పాలంటే ఇలా ఉంటుంది. కోణాన్ని 180లో నుంచి తీసివేసి, వచ్చిన దానిని ఆ కోణంతోనే గుణించండి. ఆ లబ్ధాన్ని 4తో గుణిస్తే లవం. అదే లబ్ధాన్ని 40500లో నుంచి తీసివేస్తే హారం. 30 డిగ్రీలకు చూద్దాం. 30ని 150తో గుణిస్తే 4500. దానిని 4తో గుణిస్తే 18000. 40500లో 4500 పోతే 36000. 18000ని 36000తో భాగిస్తే సరిగ్గా అర. అదే అసలు విలువ కూడా. 45 డిగ్రీలకు చేస్తే 0.7059 వస్తుంది, అసలు విలువ 0.7071. కాలిక్యులేటరు లేని రోజులలో, అందులోనూ పద్నాలుగు వందల ఏళ్ళ క్రితం, ఇంత దగ్గరగా వచ్చే సూత్రం చెప్పడం సామాన్యమా? మనవలు ఇంట్లో ఉంటే వారి చేత ఈ లెక్క చేయించి చూడండి.

రెండవవాడు లోకప్రసిద్ధుడైన భాస్కరాచార్యుడు. ఇతడు తన పుట్టిన సంవత్సరం తానే చెప్పాడు - శాలివాహన శకం 1036. దానికి 78 కలిపితే క్రీ.శ. 1114. తన 36వ ఏట, అంటే 1150లో, సిద్ధాంత శిరోమణి పూర్తి చేశానని కూడా చెప్పాడు. తండ్రి మహేశ్వరుడు, శాండిల్య గోత్రం, సహ్యాద్రి దగ్గరి విజ్జడవిడం ఊరు. ఇంత స్పష్టంగా తన వివరాలు నమోదు చేసిన ప్రాచీన గ్రంథకర్తలు తక్కువ. లీలావతి, బీజగణితం, గ్రహగణితం, గోళాధ్యాయం అనే నాలుగూ సిద్ధాంత శిరోమణిలో భాగాలుగా ప్రసిద్ధికెక్కాయి. వృద్ధాప్యంలో, 1183 ప్రాంతంలో, పంచాంగ గణనకు పనికివచ్చే కరణకుతూహలం రాశాడు. లెక్క చూడండి - అప్పటికి ఆయనకు 69 ఏళ్ళు! రిటైరయ్యాక ఏం చేస్తామని నిట్టూర్చే మిత్రులు ఈ సంగతి గమనించగోరుతాను.

లీలావతిలో లెక్కలు ఎంత సరసంగా ఉంటాయంటే, విష్ణుమూర్తి నాలుగు చేతులలో శంఖం, చక్రం, గద, పద్మం మార్చి మార్చి పట్టుకుంటే ఎన్ని రూపాలవుతాయని అడుగుతాడు. నాలుగు, మూడు, రెండు, ఒకటి గుణిస్తే 24. సంధ్యావందనంలో మనం చెప్పే కేశవ నామాలు కూడా 24 అన్నది తెలిసిన వారికి ఈ లెక్క ఎన్నటికీ మరపు రాదు. అలాగే పది చేతుల శివునికి పది ఆయుధాలిస్తే 36,28,800 రూపాలని తేల్చాడు.

ఈ ఇద్దరి మధ్య ఎడం 485 సంవత్సరాలు. అయినా రెండవ భాస్కరుని కీర్తి ఎంత పెద్దదంటే మొదటివాడు దాదాపు మరుగున పడ్డాడు. అక్బరు కొలువులోని ఫైజీ 1587లో లీలావతిని పారశీకంలోకి అనువదించాడు. షాజహాను కాలంలో 1634లో బీజగణితం కూడా పారశీకంలోకి వెళ్ళింది. 1817లో కోల్‌బ్రూక్ ఆ రెంటినీ ఇంగ్లీషులో ప్రకటించాడు. ఇక దేశమంతటా, విదేశాలలోనూ భాస్కరుడంటే ఆయనే. మొదటి భాస్కరుని పుస్తకాలు మాత్రం ఎక్కువగా దక్షిణాదిలో, ముఖ్యంగా కేరళ జ్యోతిష పండితుల ఇళ్ళలో తాళపత్రాలుగా బతికాయి.

ఇద్దరూ వేరని రుజువేమిటి? మహోదయపురంలో ఉన్న శంకరనారాయణుడనే పండితుడు క్రీ.శ. 869లో లఘుభాస్కరీయానికి వ్యాఖ్య రాశాడు. రెండవ భాస్కరుడు పుట్టడానికి అది 245 ఏళ్ళ ముందు మాట. పుట్టని వాడి పుస్తకానికి ఎవరూ వ్యాఖ్య రాయలేరు కదా! 1930లో విభూతిభూషణ్ దత్తా గారు ఇద్దరు భాస్కరులను విడదీసి చూపుతూ ప్రత్యేకంగా ఒక వ్యాసమే ప్రకటించారు. తరువాత లక్నో విశ్వవిద్యాలయానికి చెందిన కృపాశంకర్ శుక్లా గారు 1960లో మహాభాస్కరీయం, 1963లో లఘుభాస్కరీయం, 1976లో ఆర్యభటీయ భాష్యం పరిష్కరించి అచ్చు వేయించారు. పదమూడు వందల ఏళ్ళ తరువాత మొదటి భాస్కరుని ఖాతా ఆయన పేరనే తెరచినట్లయింది.

మరొకరి బాకీ తీరిన కథ

ఇక్కడే ఒక చిత్రం జరిగింది. రెండవ భాస్కరుని బీజగణితంలో 'చక్రవాళం' అనే గొప్ప పద్ధతి ఉంది. ఒక సంఖ్య వర్గాన్ని 61తో గుణించి, 1 కలిపితే మరొక సంఖ్య వర్గం కావాలి. ఆ సంఖ్యలేవి? వినడానికి తేలిక. జవాబులో మొదటి సంఖ్య 22,61,53,980. రెండవది 176,63,19,049. ఇదే ప్రశ్నను 1657లో ఫ్రాన్సు దేశపు ఫెర్మా యూరపు గణితజ్ఞులకు సవాలుగా విసిరాడు. దానికి ఐదు వందల ఏళ్ళ ముందే మనవాడు జవాబు రాసిపెట్టాడు. అందువల్ల చక్రవాళం భాస్కరాచార్యుడు కనిపెట్టినదేనని లోకమంతా అనుకుంది.

కాని మొదటి భాస్కరుని లఘుభాస్కరీయానికి ఉదయదివాకరుడు 1073లో రాసిన వ్యాఖ్య ఒకటుంది. దానిని చదువుతూ శుక్లా గారు అందులో ఆచార్య జయదేవుడనే గణితవేత్త శ్లోకాలను గుర్తించి 1954లో ప్రకటించారు. ఆ శ్లోకాలలో చక్రవాళ పద్ధతి పూర్తిగా ఉంది. అంటే రెండవ భాస్కరుడు పుట్టడానికి కనీసం 41 ఏళ్ళ ముందే ఆ పద్ధతి జయదేవునికి తెలుసు. భాస్కరాచార్యుడు కూడా దీనిని తన సొంతమని ఎక్కడా అనలేదు. పెద్దలు దీనిని చక్రవాళమంటారని చెప్పి పూర్వుల గౌరవం నిలబెట్టాడు. ఆయన చెప్పినా మనమే సరిగా వినలేదు. రెండవ భాస్కరుని ఖాతాలో పొరపాటున జమ అయిన కృషి, మొదటి భాస్కరుని పుస్తకపు వ్యాఖ్య పుణ్యమా అని అసలు యజమానికి చేరింది. మొదటివాని పుస్తకాలను రెండవవానివిగా భావించి ఎవరూ పట్టించుకోకుండా వదిలేసి ఉంటే జయదేవుని పేరు ఇంకా చీకటిలోనే ఉండేది.

ఇంతకూ ఈ జయదేవుడెవరు? గీతగోవిందకర్త కాడు. ఆయన 12వ శతాబ్దిలో వంగదేశపు లక్ష్మణసేనుని కాలంవాడు. చంద్రాలోకం, ప్రసన్నరాఘవం రచించిన జయదేవుడు వేరొకడు. ఒక పేరు చిక్కు విప్పబోతే మరొక పేరు చిక్కు ఎదురైంది, చూశారా!

రాతిమీది సాక్ష్యం

మహారాష్ట్రలో జలగాం జిల్లా చాళీస్‌గాం దగ్గర పాట్నా అనే చిన్న ఊరుంది. బీహారు రాజధాని పాట్నా కాదు, ఊరి పేర్లకూ ఇదే తంటా! అక్కడి గుడిలో క్రీ.శ. 1207 నాటి శిలాశాసనాన్ని బొంబాయికి చెందిన డాక్టర్ భావు దాజీ గారు కనుగొని 1865లో ప్రకటించారు. భాస్కరాచార్యుని మనవడు చంగదేవుడు యాదవరాజు సింఘణుని ఆస్థాన జ్యోతిష్కుడు. అతడు తన తాతగారి సిద్ధాంత శిరోమణి మొదలైన గ్రంథాలను పాఠం చెప్పడానికి అక్కడ ఒక మఠం స్థాపించాడు. దానికి నికుంభ వంశపు సోయిదేవుడు భూదానం చేశాడు. ఇదీ శాసనంలోని విషయం.

శాసనం వంశవృక్షం కూడా ఇచ్చింది - త్రివిక్రముడు, భాస్కరభట్టు, గోవిందుడు, ప్రభాకరుడు, మనోరథుడు, మహేశ్వరుడు, భాస్కరుడు, లక్ష్మీధరుడు, చంగదేవుడు. జాగ్రత్తగా చూడండి. ఒకే శాసనంలో, ఒకే వంశంలో ఇద్దరు భాస్కరులున్నారు! మొదటివాడు భోజరాజు వద్ద విద్యాపతి బిరుదు పొందినవాడు. గణితాచార్యుడు అతనికి ఐదు తరాల కిందివాడు. ఈ రాయి లేకపోతే ఆ ఇద్దరినీ కూడా ఒకరినే చేసేవాళ్ళం.

ఈ శాసనం భాస్కరాచార్యుని అనేక శాస్త్రాలలో దిట్ట అని పొగిడింది. అందుచేత "అన్ని శాస్త్రాలూ వచ్చినవాడు అన్ని పుస్తకాలూ ఎందుకు రాసి ఉండకూడదు?" అనే ప్రశ్న వస్తుంది. న్యాయమైన ప్రశ్నే. విషయాలు వేరు కాబట్టి మనుషులు వేరని చెప్పడం చెల్లదు. ఒకే మనిషి పది శాస్త్రాలలో రాయవచ్చు. మనుషులను విడదీయవలసింది కాలాన్ని, తండ్రిని, గోత్రాన్ని, ఊరిని చూసి. అట్లా చూస్తే మిగిలిన భాస్కరుల సంగతి ఇలా తేలింది.

వేదం, వేదాంతం, మీమాంస, శ్రీవిద్య

బ్రహ్మసూత్రాలకు భాష్యం రాసిన భాస్కరుడు శంకరాచార్యుల తరువాతివాడు, రామానుజాచార్యుల కంటే ముందువాడు. జగత్తు మిథ్య అనే మాటను గట్టిగా ఖండించి, జీవునికి బ్రహ్మానికి భేదమూ ఉంది, అభేదమూ ఉందని వాదించాడు. జ్ఞానం ఒక్కటే చాలదు, కర్మ కూడా కావాలన్నాడు. ఇతని మతాన్ని రామానుజులు ఎత్తి చూపి విమర్శించారు. కనుక 1114లో పుట్టి 1150లో తొలి గ్రంథం పూర్తి చేసిన గణితాచార్యుడు ఇతడు కాజాలడు.

తైత్తిరీయ సంహితకు 'జ్ఞానయజ్ఞం' అనే భాష్యం రాసిన భట్టభాస్కర మిశ్రుడు వేరు. కృష్ణయజుర్వేదం చదివే మన ప్రాంతపు పండితులకు ఇతని పేరు సుపరిచితం. సాయణాచార్యుల కంటే ముందువాడు. వేదాంతి భాస్కరుని కూడా భట్టభాస్కరుడనే పిలవడం వల్ల ఈ ఇద్దరూ తరచుగా కలిసిపోతారు. అయితే ఇతడు కౌశిక గోత్రుడు. అప్పుడు గోత్రమే గుర్తింపు కార్డు.

మీమాంస చదవబోయే విద్యార్థి చేతికి మొదట ఇచ్చే చిన్న పుస్తకం అర్థసంగ్రహం. దాని కర్త లౌగాక్షి భాస్కరుడు. తర్కంలో తర్కకౌముది కూడా ఇతనిదే. తన పేరు ముందు 'లౌగాక్షి' అని చేర్చుకోవడం వల్ల ఇతనికి ఏ చిక్కూ రాలేదు. మన ఇంటిపేరు ఎంత పని చేస్తుందో ఆ మాట అంత పని చేసింది. కాశ్మీరంలో శివసూత్రాలకు వార్తికం రాసిన భాస్కరుడు ఇంకొకడు.

ఇక 18వ శతాబ్దిలో భాస్కరరాయలు వెలిశాడు. తండ్రి గంభీరరాయలు. లలితా సహస్రనామానికి ఇతడు రాసిన సౌభాగ్యభాస్కరం లేని ఉపాసకుల ఇల్లు అరుదు. వరివస్యారహస్యం, సేతుబంధం, దుర్గా సప్తశతికి గుప్తవతి వ్యాఖ్య ఇతనివే. ఇతని దీక్షానామం భాసురానందనాథుడు. కావేరీ తీరంలో ఇతని పేర భాస్కరరాజపురమనే గ్రామం ఉంది. చూడండి, ఇతడు మంత్రశాస్త్రంతో ఊరుకోక వ్యాకరణ మీమాంసాది శాస్త్రాలలో కూడా రాశాడు. అవన్నీ ఒక్కడివే! విషయాన్ని బట్టి మనిషిని విడదీయరాదని పైన అన్నది ఇందుకే. గ్రంథనామంలోనే తన పేరు ఇమిడ్చి పెట్టడం ఇతని తెలివి. మహాభాస్కరీయం, లఘుభాస్కరీయం అనే పేర్లలోనూ అదే ఏర్పాటు కనిపిస్తుంది.

తెలుగు భాస్కరులు

ఇక మన ఇంటికి వద్దాం. తిక్కన సోమయాజి తాతగారి పేరు మంత్రి భాస్కరుడు. గుంటూరు మంత్రిగా పేరు పొందినవాడు. భాస్కర రామాయణంలో ముఖ్యకవి హుళక్కి భాస్కరుడు. పేరు ఒకటి కావడంతో ఈ రామాయణంలో మంత్రి భాస్కరుని చేయి ఉందా, లేదా అని మన సాహిత్య చరిత్రకారులు చాలాకాలం వాదించుకున్నారు. హుళక్కి భాస్కరునిదే అని ఎక్కువమంది ఒప్పుకొన్నారు. ఇది సాహిణి మారనకు అంకితమైన కావ్యం.

అయితే ఇక్కడ చిక్కు తిరగబడింది. ఇంతవరకు ఒక పేరు కింద పలువురు మనుషులను చూశాం. ఇక్కడ ఒక్క పుస్తకాన్ని నలుగురు రాస్తే ఒక్కరి పేరే నిలిచింది. అరణ్యకాండ, యుద్ధకాండలో పూర్వభాగం హుళక్కి భాస్కరునివి. బాల, కిష్కింధ, సుందర కాండలు అతని కుమారుడు మల్లికార్జునభట్టువి. అయోధ్యాకాండ కుమార రుద్రదేవునిది. యుద్ధకాండ శేషభాగం అయ్యలార్యునిది. కాండల లెక్కన చూస్తే కొడుకు వాటాయే పెద్దది! అయినా పుస్తకం తండ్రి పేరుతోనే చెలామణి అయింది. ఆ రోజులలో అది వినయమే కావచ్చు, గౌరవమే కావచ్చు. కాని సుందరకాండ చదివి ఆనందించే పాఠకుడు మల్లికార్జునభట్టుకు కూడా ఒక నమస్కారం బాకీ ఉన్నాడు.

భాస్కర శతకం సంగతి మరీ విచిత్రం. అది రాసినవాడి పేరు అసలు భాస్కరుడే కాదు. మారద వెంకయ్య కవి రాశాడని పరంపరగా చెబుతారు. 'భాస్కరా' అన్నది మకుటం, సూర్యభగవానుని సంబోధన. సుమతి శతకాన్ని సుమతి అనే ఆయన రాయలేదు, బద్దెన రాశాడని చెబుతారు. ఇదీ అంతే. మకుటం ప్రతి పద్యంలోనూ మోగుతుంది. కవి పేరు మోగదు. పిల్లలకు మకుటం గుర్తుంటుంది, కవి గుర్తుండడు.

ఆకాశంలోనూ ఇద్దరే

1979 జూన్ 7న మన దేశం 'భాస్కర' అనే ఉపగ్రహాన్ని సోవియట్ రాకెట్టు ద్వారా అంతరిక్షంలోకి పంపింది. 1981 నవంబరు 20న రెండవ 'భాస్కర' వెళ్ళింది. భూమిని, సముద్రాలను ఆకాశం నుంచి పరిశీలించడం వాటి పని. ఇద్దరు గణితవేత్తల పేర్లూ ఇలా నిలిచాయి. వారికి ఒకటి, రెండు అనే అంకెలు తగిలించినది నేటి చరిత్రకారులు. ఆచార్యుడు తనను తాను రెండవ భాస్కరుడనని ఎన్నడూ అనుకోలేదు. తాను మహేశ్వరుని కుమారుడనని మాత్రమే చెప్పుకొన్నాడు.

ఒక మనవి

ఈ కథలన్నీ చూశాక నాకు తోచిన మాట ఒకటే. పేరు మనిషిని పట్టి ఇవ్వదు. సంవత్సరం, తండ్రి పేరు, ఊరు, గురువు - ఇవి పట్టి ఇస్తాయి. తన వివరాలు నాలుగు ముక్కలలో రాసిపెట్టిన భాస్కరాచార్యుని ఎవరూ చెరపలేకపోయారు. లెక్క మధ్యలో సంవత్సరం వేసిన మొదటి భాస్కరుడు ఆలస్యంగానైనా దొరికాడు. ఏమీ రాయనివారు ఎందరు, ఎవరి ఖాతాలో కలిసిపోయారో ఆ భాస్కరునికే తెలియాలి.

మన సభ్యులలో పదవీ విరమణ తరువాత పుస్తకాలు రాస్తున్నవారు ఉన్నారు. ఊరి చరిత్ర, భక్తి పద్యాలు, ఆరోగ్య సూత్రాలు, ఉద్యోగ జ్ఞాపకాలు, వ్యవసాయం - దేని మీద రాసినా మంచిదే. వారికి ఒక విన్నపం. అట్ట మీద పొడి అక్షరాలతో సరిపెట్టకండి. లోపలి పేజీలో ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన ఊరు, సంవత్సరం, పుస్తకం అచ్చయిన సంవత్సరం రాయండి. ఇద్దరు ముగ్గురు కలిసి రాస్తే ఎవరు ఏ భాగం రాశారో చెప్పండి. ఒక ప్రతి ఊరి గ్రంథాలయానికి ఇవ్వండి. ఇంట్లో తాతముత్తాతలు రాసిన వ్రాతప్రతి ఏదైనా ఉంటే చివరి ఆకు పోకముందే వారి వివరాలు ఒక కాగితం మీద రాసి దానిలో పెట్టండి. అది గొప్పలు చెప్పుకోవడం కాదు. రేపు ఆ పుస్తకం తెరిచేవారికి ఎవరి కష్టం ఎవరిదో తెలియజెప్పడం. చంగదేవుడు తాతగారి కోసం రాయి చెక్కించాడు. మనకు ఒక కలం చాలు.